పెరటి కొలను: అడవి అంచు పల్లెల్లో నిర్మాణం, పోషణ

ఇంటి ఆవరణలో అందానికీ చల్లదనానికీ తవ్వుకుని, చుట్టూ మొక్కలు పెంచుకునే చిన్న మడుగే పెరటి కొలను.  భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి మండలంలోలా టేకు, ఇప్ప చెట్ల అడవిని ఆనుకున్న పల్లెల్లో కొలను ఎలా ఉండాలో ఎండ, రాలే ఆకు, దోమ కలిసి నిర్ణయిస్తాయి. చల్లని దేశాల నమూనాలు ఇక్కడ పనికిరావు.

మే నెలలో ఆరుబయట నీరు రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు ఆవిరవుతుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న కొలనులో అది 60 లీటర్లు. అందువల్ల వెడల్పు తగ్గించి లోతు పెంచడమే మేలు. నడుమ రెండున్నర అడుగుల లోతు చాలు. అంచున అర అడుగు లోతులో ఒక మెట్టు వదిలితే మొక్కలకు చోటు దొరుకుతుంది, కప్పలు ఎక్కి దిగుతాయి. పసిపిల్లలున్న ఇంట్లో కంచె తప్పనిసరి. అంత చోటు లేనివారికి పాత సిమెంటు గోలెంలో ఒక కలువ దుంప చాలు.

అడుగున చెరువు నల్లమట్టి పరిచి, వరిమడిని దమ్ము చేసినట్టు తడిపి తొక్కితే నీరు ఇంకడం బాగా తగ్గుతుంది. సిమెంటు తొట్టి కడితే మొదట్లో సున్నపు ఘాటు దిగుతుంది. నీళ్లు నింపి, అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, ఆ నీటిని రెండు మూడుసార్లు మార్చాకే చేపలు వదలాలి.

టేకు చెట్టుకు దూరంగా తవ్వాలి. వేసవి నాటికి టేకు మోడవుతుంది. ఆ పెద్ద ఆకులు నీటిలో కుళ్లి ప్రాణవాయువును హరిస్తాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. గట్టు మీద వస, సరస్వతి ఆకు, తుంగ, అరటి పెంచవచ్చు. చోటు ఎక్కువుంటే కాస్త ఎడంగా వాగొడ్డు చెట్టయిన తెల్లమద్ది వేసుకోవచ్చు. నీటిలోకి తామర, కలువ. వీటికి పూటంతా ఎండ తగలాలి. ఆకులు సగం నీటిని కప్పితే నాచు అదుపులో ఉంటుంది. జమ్ము, గుర్రపుడెక్క మాత్రం వద్దు. గుర్రపుడెక్క కొన్ని వారాల్లోనే కొలనంతా కమ్మేస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది దోమ విషయంలో. మలేరియాను దోమలే మోస్తాయనడానికి ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే కనుగొన్నాడు. ఏజెన్సీ పల్లెలకు ఆ జ్వరం కొత్త కాదు. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి దోమ రావడానికి వారం, పది రోజులు చాలు. పారే నీటిలో దోమలు పెరగవన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. మలేరియాను మోసే కొన్ని అనాఫిలిస్ జాతులు నెమ్మదిగా సాగే వాగుల అంచుల్లోనే గుడ్లు పెడతాయి. కాబట్టి కొలనులోకి మోటారుతో నీరు పారించే పెరటి కాలువ కడితే, దానికి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఇవ్వాలి, ఒడ్డున గడ్డి నీటిలోకి వంగకుండా కోయాలి, రాళ్ల సందుల్లో నీరు నిలవనీయకూడదు. కరెంటు పోయి మోటారు ఆగినా నీరంతా కొలనులోకి దిగిపోయేలా కట్టాలి.

దోమ పిల్లలను తినడానికి చిన్న పరకలు, తూనీగ పిల్లలు బాగా పనికొస్తాయి. రాష్ట్ర చేప కొర్రమీనును వదిలితే అది పరకలనే మింగేస్తుంది. దోమల అదుపుకు వదిలే గంబూసియా చేపది అమెరికా పుట్టుక. అది తలకప్పలనూ స్థానిక చేపల పిల్లలనూ వదలదు. కొలను దగ్గరికి నీరుకట్టు పాము వస్తుంది. దానికి విషం లేదు, చంపనక్కరలేదు.

ఏటా తొలకరికి ముందు అడుగు బురదలో కొంత తీసి మొక్కలకు వేయాలి, అదనపు కలువ దుంపలు విడదీయాలి. వానాకాలంలో పొంగే నీటికి ఒక మూల తూము పెట్టి, అక్కడ జల్లెడ బిగించాలి. ఇక్కడి వాగుల నీరు కిన్నెరసాని మీదుగా గోదావరికి చేరుతుంది. పెంపుడు చేపలనూ, పీకేసిన గుర్రపుడెక్కనూ దయచేసి వాగులో వదలకండి.