అరిహంత్: నీటి మరుగున కావలి

భారతయుద్ధము చివర దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగెను. ఒడ్డున నిలిచి అశ్వత్థామ మొదలైనవారు ఆయనతో జరిపిన సంభాషణను వేటకాండ్రు విని పాండవులకు తెలిపిరి. మాటయే ఆయన జాడను బయటపెట్టెను. జలాంతర్గామికి నేటికిని ఇదియే చిక్కు. నీటిలో వెలుతురు కొంత దూరమే పోవును; ధ్వని బహుదూరము పోవును.

రెండవ చిక్కు గాలి. డీజిలు జలాంతర్గామి నీటి అడుగున బ్యాటరీల బలముతో సాగును. వానిని తిరిగి నింపుటకు ఇంజను నడువవలెను. ఇంజనుకు గాలి కావలెను. అందుకై పైభాగమునకు రాక తప్పదు. 1969లో మన నౌకాదళమున చేరి, నేడు విశాఖ తీరమున ప్రదర్శనశాలగా నున్న కుర్సురా ఈ తరగతిది. అణుశక్తితో నడచు నౌకకు ఈ అవసరము లేదు. యురేనియము చీలుటచే పుట్టిన వేడిమి నీటిని ఆవిరి చేయును; ఆ ఆవిరి చక్రములను త్రిప్పును. మంట లేదు గనుక గాలితో పనిలేదు. ఆహారము, సిబ్బంది ఓర్పు, ఇవియే దానికి హద్దులు.

కంకిపాడు మీదుగా బందరు పోవు దారిని పట్టినచో చివరకు చేరు సముద్రమే విశాఖపట్టణపు ఒడ్డును తాకుచున్నది. అచట 1948 మార్చిలో నెహ్రూగారు ‘జలఉష’ అను ఓడకు జలప్రవేశము చేయించిరి. 1988లో సోవియట్ యూనియను నుండి అద్దెకు తెచ్చిన అణు జలాంతర్గామి ‘చక్ర’ మూడేండ్లు మనవారికి ఈ విద్య నేర్పెను. 2009 జూలై 26న మన దేశముననే నిర్మితమైన అరిహంత్ విశాఖలో నీటిలోనికి దిగెను. అందలి రియాక్టరు 2013లో పనిచేయ నారంభించెను; 2016లో నౌక దళమున చేరెను. సుమారు 6,000 టన్నుల ఈ నౌక బాలిస్టిక్ క్షిపణులను మోయగలదు. 2024 ఆగస్టు 29న ‘అరిఘాత్’ దానికి తోడయ్యెను.

ఇంత శ్రమ యెందులకు? అణ్వాయుధమును ముందుగా ప్రయోగింపబోమని 2003లో మన ప్రభుత్వము ప్రకటించెను. ముందు కొట్టనన్నవాడు మొదటి దెబ్బకు తట్టుకొని నిలువవలెను. నేలమీది స్థావరములు ఉపగ్రహముల కంటబడును; సముద్రగర్భమున తిరుగు నౌక యెచటనున్నదో శత్రువునకు తెలియదు. ఆ తెలియమియే అతని చేతిని ఆపవలెనని ఉద్దేశము.

2018 నవంబరులో అరిహంత్ తొలి గస్తీ ముగించినట్లు ప్రకటించిరి. మోసికొనిపోయిన క్షిపణులను మోసికొనిపోయినట్లే తిరిగి తెచ్చుటయే అట్టి యాత్రకు సాఫల్యము. విడిచిన అస్త్రమును అర్జునుడు ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు ఆ శక్తి లేకపోయెను. నేటి క్షిపణిని వెనుకకు పిలుచు మంత్రము ఎవరికిని లేదు. ప్రయోగమునకు ఆజ్ఞ యిచ్చు అధికారము ప్రధానమంత్రి అధ్యక్షతగల రాజకీయ మండలిది. తీరవాసులమైన మన క్షేమము ఆ నౌక మౌనముపై ఎంత ఆధారపడియున్నదో, ఆ మండలి వివేకముపైనను అంత ఆధారపడియున్నది.