పావగడలో రెండు లిపుల లెక్క

మా పావగడ తాలూకా కర్ణాటకది, చుట్టూ ఉన్నది మాత్రం దాదాపు ఆంధ్రే. పాత మైసూరు సంస్థానంలో ఉండేది కాబట్టి 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు కూడా మైసూరు వైపే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడం. చుట్టాలేమో మడకశిర, హిందూపురం, కల్యాణదుర్గంలో. అందుకే నా డీటీపీ అంగడికి పెళ్లివాళ్లు వస్తే లగ్నపత్రిక చాలాసార్లు రెండు లిపుల్లోనూ అడుగుతారు. అవే పేర్లు, అవే ఊళ్లు రెండుసార్లు కొట్టడమెందుకన్న ఆలోచనే నన్ను ప్రోగ్రామింగ్‌లోకి లాగింది. అది నా బతుకుతెరువు కాదు, అంగడి మూశాక చేసుకునే ఇష్టమైన పని.

తొంభైల్లో తెలుగుకు అను ఫాంట్లు, కన్నడానికి శ్రీలిపి, 1998 నుంచి బరహ, తర్వాత నుడి. ఏ ఫాంటు లెక్క దానిదే. లోపల ఉండేది అక్షరం కాదు, ముక్కలు: తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఫాంటు మార్చగానే పెళ్లికూతురి పేరు గజిబిజి గీతలైపోయేది. నిజానికి దారి అప్పటికే వేసి ఉంది. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీలో తెలుగు ‘క’ అయినా కన్నడ ‘క’ అయినా ఒకటే అంకె, 179. జిస్ట్ కార్డు బిగించిన కంప్యూటర్లో అదే మ్యాటర్ ఏ లిపిలో కావాలంటే ఆ లిపిలో కనిపించేది. అంత మంచి ఏర్పాటు మాలాంటి చిన్న అంగళ్లదాకా రాలేదు. అది నాకిప్పటికీ బాధే.

మొదట నేర్చుకున్నది బేసిక్. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ విద్యార్థుల కోసం తయారుచేసిన భాష. మాకు దొరికిన జీడబ్ల్యూ-బేసిక్‌లో ఒక స్ట్రింగ్ 255 అక్షరాలకు మించకూడదు, ఆహ్వానం మొత్తం పట్టేది కాదు. ఆ తర్వాత సీ. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన ఈ భాష యంత్రానికి బాగా దగ్గర. టర్బో సీలో ఊరికే ‘చార్’ అని రాస్తే అందులో పట్టేది -128 నుంచి 127 వరకే. ఇస్కీ ‘క’ను అంకెగా చూపించమంటే 179కి బదులు -77 అంటుంది. ముందు ‘అన్‌సైన్డ్’ అని చేరిస్తేనే దారికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే సరిపోతాయి కనుక వాళ్లకు ఈ అవసరమే పడదు. మన అక్షరాలన్నీ పై సగంలో ఉన్నాయి, అడుగడుగునా చేర్చాల్సిందే. నిక్లాస్ విర్త్ 1970లో తెచ్చిన పాస్కల్‌కు ఈ తంటా లేదు, టర్బో పాస్కల్‌లో అక్షరమంటే 0 నుంచి 255. ఆ రోజుల్లో మన పిల్లలకు మొదట నేర్పాల్సింది పాస్కలే అని నా గట్టి అభిప్రాయం.

ఇస్కీ వరుసనే ఆధారం చేసుకుని 1991లోనే యూనికోడ్ తెలుగు, కన్నడాలను పక్కపక్కనే కూర్చోబెట్టింది. తెలుగు 3072 నుంచి 3199, కన్నడం 3200 నుంచి 3327. మన ‘క’ 3093, వాళ్ల ‘క’ 3221. తేడా 128. గుణింతపు గుర్తులకూ అదే తేడా. విండోస్ ఎక్స్‌పీతో ఇవి మా తెరమీదికి వచ్చాయి. భాషాశాస్త్రం చదివిన లారీ వాల్ 1987లో మొదలుపెట్టిన పెర్ల్ 2002 నాటికి యూనికోడ్‌ను చక్కగా పట్టుకుంది. అందులో ‘టీఆర్’ అనే ఆదేశం ఉంది: ఈ వరుసలోని అక్షరం కనిపిస్తే ఆ వరుసలోది పెట్టు. సీలో పేజీలు నిండే పని ఒక్క లైనులో అయిపోయింది. పావగడ, తిరుమణి, తుమకూరు చక్కగా కన్నడంలోకి దిగాయి. ఆ రాత్రి నా సంతోషం ఇంతా అంతా కాదు. బాలసముద్రం చివరి సున్నా మాత్రం కన్నడంలో చేత్తో తీసేయాలి. ౘ, ౙలకు ఆ పక్క జతలే లేవు. ఆహ్వానపు వాక్యాలు ఎలాగూ విడిగా రాసుకోవాల్సిందే.

ఇప్పుడు నేను రాసేది పైథాన్. 2008 డిసెంబరులో వచ్చిన మూడో వెర్షన్‌లో ఊరు, పేరు, ముహూర్తం అని వేరియబుల్స్‌కు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. ‘క్షీ’ పొడవెంత అంటే 4 అంటుంది: క, పొల్లు, ష, గుడిదీర్ఘం. అంగడికి వచ్చే హైస్కూలు పిల్లలకు ఇది చూపిస్తే వెంటనే పట్టేస్తారు, గుణింతాలు నేర్చుకున్నవాళ్లు కదా.

రెండు వైపుల డీటీపీ మిత్రులకు నాదొక్క మనవి. మన దగ్గర మూలనపడ్డ ఫ్లాపీల్లో, సీడీల్లో గుడుల స్థలపురాణాలు, ఊరి కవుల పుస్తకాలు పాత ఫాంట్లలో ఉండిపోయాయి. అను ఫాంట్లలాంటి వాటిని యూనికోడ్‌లోకి మార్చడం సాధ్యమేనని నాగార్జున వెన్న ‘పద్మ’ అనే మార్పిడి సాధనంతో ఏనాడో చూపించారు. డిస్కులు చదవడానికి పనికొస్తుండగానే వాటిని మార్చి దాచండి.