నోటి తెల్లమచ్చల నిర్ధారణలో కణజాల ప్రోటీన్లు: జంషెడ్‌పూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

ఫలీ మెహతా, జె.జె. పిండ్‌బోర్గ్, సహ పరిశోధకులు 1969లో ప్రచురించిన ఇంటింటి సర్వేలో అయిదు జిల్లాల పల్లెల్లో 50,915 మందికి నోటి పరీక్ష చేశారు. ఆ అయిదింటిలో సింగ్‌భూమ్ ఒకటి, శ్రీకాకుళం ఒకటి. నోటి క్యాన్సర్లూ తెల్లమచ్చలూ దాదాపు అన్నీ పొగాకు వాడేవారిలోనే బయటపడ్డాయి. జంషెడ్‌పూర్ నాటి సింగ్‌భూమ్‌లోనిదే. ఉక్కు కర్మాగారం పనులకు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడున్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్లదే. కనుక సర్వేలో వేర్వేరు జిల్లాల పద్దుల్లో చేరిన రెండు అలవాట్లు ఈ ఊళ్లో ఒకే పథాలజిస్టు ముందుకు రావచ్చు. ఒకటి పెదవి లోపల నొక్కి ఉంచే ఖైనీ. రెండోది చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ. 2016-17 గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే (గ్యాట్స్) ప్రకారం పొగరాని పొగాకు వాడకం దేశంలో 21.4 శాతం, జార్ఖండ్‌లో 35.4 శాతం.

మచ్చలన్నీ క్యాన్సర్‌గా మారవు. ఏది మారుతుందో అంచనా వేయడానికి నేటికీ ప్రధాన ఆధారం హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేసిన బయాప్సీ ముక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో డిస్‌ప్లేసియా (కణాల అసహజ ఎదుగుదల) స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లు. పేచీ ఎక్కువగా మధ్య మెట్టు దగ్గరే. ఒకరు స్వల్పం అన్న స్లైడ్‌ను మరొకరు మధ్యస్థం అంటారు. కొన్నాళ్లాగి చూపిస్తే మొదటివారే మాట మార్చవచ్చు. ప్రోటీన్ సూచకాలు అక్కరకొచ్చేది ఈ సందేహపు జాగాలోనేనని, మిగతాచోట్ల వాటికి ఇస్తున్న ప్రాముఖ్యం ఎక్కువేనని ఈ వ్యాసం వాదన.

ఈ ప్రోటీన్లను చూసే పద్ధతి ఇది. ఫార్మలిన్‌లో ఉంచి పారఫిన్‌లో దిమ్మ కట్టిన కణజాలాన్ని మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తారు. ఫార్మలిన్ బిగించిన ప్రోటీన్లు యాంటీబాడీకి అందేలా ముక్కను సిట్రేట్ ద్రావణంలో వేడిచేస్తారు. తర్వాత వెతుకుతున్న ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ, దానికి అతుక్కునే ఎంజైమ్, చివర డీఏబీ రంగు. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. తక్కిన కేంద్రకాలు హెమటాక్సిలిన్ నీలంలో ఉంటాయి.

కేఐ-67 అనే ప్రోటీన్ విభజన చక్రంలో ఉన్న కణాల కేంద్రకాల్లోనే కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బుగ్గ లోపలి ఉపకళలో ఆ గోధుమ చుక్కలు అడుగు వరసనూ దాని పైవరసనూ అంటిపెట్టుకుని ఉంటాయి. డిస్‌ప్లేసియా ముదిరేకొద్దీ పైపొరలకు ఎక్కుతాయి. అందుకే నూటికి ఎన్ని కణాలు రంగు పట్టాయన్న లెక్క కంటే ఏ వరసలో పట్టాయన్నదే ముఖ్యం. శాతం ఒక్కటే రాసి వదిలేసే నివేదిక సగం నివేదికే. సైటోకెరటిన్లదీ ఇదే తీరు. మామూలు బుగ్గ పొరలో సైటోకెరటిన్-13 ఉంటుంది, సైటోకెరటిన్-17 ఉండదు. తీవ్ర డిస్‌ప్లేసియాలో తరచుగా ఇది తలకిందులవుతుంది. పక్కపక్క కోతల మీద రెండింటినీ వేస్తే మార్పు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపించే సందర్భాలున్నాయి.

పి53 దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మామూలు కణాల్లో ఈ ప్రోటీన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక అక్కడక్కడా లేత రంగే కనిపిస్తుంది. జన్యువు దెబ్బతిన్నప్పుడు పాడైన ప్రోటీన్ పేరుకుని కేంద్రకాలు వరసగా ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. అయితే కొన్ని ఉత్పరివర్తనాలు అసలు ప్రోటీన్‌నే నిలవనివ్వవు. అప్పుడు ఆ ప్రాంతమంతా ఖాళీ. దాన్ని 'నెగటివ్' అని రాస్తే దెబ్బతిన్న జన్యువుకు మంచి మార్కులు వేసినట్టే. పక్కనున్న మామూలు కణాల్లో ఆ లేత రంగు ఉందో లేదో ముందు చూడాలి. అక్కడా లేకపోతే లోపం పరీక్షదే కావచ్చు. ఇక పి16. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) సంబంధిత గొంతు క్యాన్సర్లలో బాగా పనికొచ్చే సూచకం కనుక నోటికీ పనికొస్తుందనుకోవడం సరికాదు. నాలుక, బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్లలో పి16ను బట్టి హెచ్‌పీవీని తేల్చలేం.

ఎస్100ఏ7 అనే మరో ప్రోటీన్ మీద ఆశలున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, తర్వాత కెనడాలోనూ పనిచేసిన రంజు రల్హన్ బృందం మాస్ స్పెక్ట్రోమెట్రీతో 14-3-3 జీటా, స్ట్రాటిఫిన్, ఎస్100ఏ7లను తల, మెడ క్యాన్సర్ సూచకాలుగా 2008లో ప్రతిపాదించింది. డిస్‌ప్లేసియా క్యాన్సర్‌గా మారే ముప్పుకు ఎస్100ఏ7 సూచన కాగలదని 2014లో చూపింది. రోజువారీ వైద్యానికి ఇది తొలి మెట్టే.

అడ్డపొగ ప్రశ్న వేరు. దాని దెబ్బ ఎక్కువగా అంగిలికి. అంగిలి ఉపకళ స్వతహాగా కెరటిన్ పట్టిన పొర. వేడీ పొగా తగిలి మరింత మందమవుతుంది. దీర్ఘకాల వాపు ఉన్నచోట క్యాన్సర్ లేకపోయినా కేఐ-67 పెరుగుతుంది. బుగ్గ మీద కట్టిన కొలమానాన్ని అంగిలికి తగిలిస్తే తప్పుడు భయమో, తప్పుడు భరోసానో మిగులుతుంది. అంగిలి నమూనాలను అంగిలితోనే పోల్చాలి.

ఎర్రమచ్చ, గట్టిపడిన అంచు, మానని పుండు ఉన్నచోట ఈ సూచకాల ఫలితం వచ్చేదాకా చికిత్స నిర్ణయాన్ని వాయిదా వేయరాదు. బయాప్సీ పంపే దంతవైద్యులు అభ్యర్థన పత్రంలో నోటిలోని కచ్చితమైన చోటు, పొగాకు అలవాటు, అడ్డపొగ అయితే ఆ సంగతి తప్పక రాయాలి. ఆ వివరాలు లేని స్లైడ్ మీద ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా చదివేవారికి సగమే అర్థమవుతుంది.