కిన్నెర ముందు, డ్రమ్ములు వెనుక



పాత పాటకు కొత్త వాయిద్యాలు కట్టి మళ్లీ విడుదల చేశారంటే చాలు, ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలు తయారవుతాయి. "బంగారంలాంటి పాటను పాడుచేశారమ్మా" అని అత్తగారు. "ఇప్పటికి వినబుద్ధవుతోంది" అని కాలేజీ కుర్రాడు. మధ్యన మనం, చేతిలో గరిటె పట్టుకుని ఎవరికి సర్దిచెప్పాలో తెలియక నిలబడతాం. ఈ తగువు గురించే ఇవాళ నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా పాతబస్తీ వాళ్లకు నిజానికి ఈ తగువు రాకూడదు. షాలిబండలో గాని, మొగల్‌పురాలో గాని బరాత్ కదిలిందంటే మార్ఫా మోగవలసిందే. పెళ్లి ముస్లిములదా, హిందువులదా అని ఆ మోత చూసుకోదు. ఆ మార్ఫా ఇక్కడ పుట్టిందా అంటే, కాదు. అరబ్బు దేశాన హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం కొలువుకు సిపాయిలుగా వచ్చిన వారూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ వెంట తెచ్చుకున్నారు. ఆ అరబ్బు సిపాయిలు ఉన్న చోటే నేటి బార్కస్. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట మన నోళ్లలో నలిగి అలా అయింది. పరాయి వాయిద్యం వచ్చి మన పెళ్లిపాట వెనుక చేరినంత మాత్రాన పెళ్లిపాట చచ్చిపోలేదు. కలవడం కొత్త కాదు, తప్పూ కాదు. కలిసినప్పుడు ముందు ఎవరు నిలబడ్డారు, తరువాత ఎవరికి ఏం దక్కింది అన్నదే చూడవలసిన సంగతి. ఇందుకు మన తెలంగాణలోనే ఈమధ్య ఒక ఉదాహరణ జరిగింది.

కిన్నెర అనే వాయిద్యం పేరు మీరు వినే ఉంటారు. వెదురుబొంగు, ఎండిన సొరబుర్రలు, తీగలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం, ఇవీ దాని సరంజామా. చూడడానికి పేదరాలి వీణలా ఉంటుంది. కాని వయసులో తక్కువది కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు రాసిన 'బసవపురాణం'లో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడున్నాడు. కిన్నెర వాయించడమే ఆయన పూజ. అంతటి వాయిద్యం చివరికి పాలమూరు వైపు డక్కలి వారి చేతుల్లో మిగిలింది. డక్కలి వారంటే మాదిగలకు వారి కులకథ, జాంబపురాణం చెప్పి, వారు పెట్టిన దానితో బతికే ఆశ్రితులు. ఊరు వెలిగా పెట్టిన వాడకు కూడా వెలిగా ఉండవలసి వచ్చినవారు.

ఆ కులంలో పుట్టినవారే దర్శనం మొగులయ్యగారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట ఆయన ఊరు. మామూలు కిన్నెరకు ఏడు మెట్లయితే ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. తాతతండ్రుల నుంచి వచ్చిన విద్య. ఆయన పాడే కథల్లో పెద్దది పండుగ సాయన్నది. నిజాం కాలంలో పాలమూరు సీమలో దొరల గాదెలు కొల్లగొట్టి ఆకలిగొన్న వారికి పంచాడని జనం చెప్పుకునే వీరుడు సాయన్న. మియాసాబు కథ కూడా ఆయన పాడతారు. అంటే హిందూ వీరుడూ, ముస్లిం వీరుడూ ఒకే తీగ మీద నడుస్తారన్నమాట. పుస్తకాల్లోకి ఎక్కని చరిత్ర ఇలా సంచారం చేసేవారి గొంతుల్లో దాగి ఉంది. జయధీర్ తిరుమలరావుగారి వంటి పరిశోధకులు ఇటువంటి వాయిద్యాలను ఊరూరా వెతికి, 'ఆద్యకళ' పేరుతో ప్రదర్శనకు పెట్టి, పట్నం వాళ్ల కళ్లు తెరిపించారు. 2015లో ప్రభుత్వం మొగులయ్యగారికి ఉగాది పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఆయన ప్రస్తావన వచ్చింది.

అయినా లోకానికి ఆయన తెలిసింది 2021 సెప్టెంబరు 2న. ఆ రోజు 'భీమ్లా నాయక్' చిత్రంలోని మొదటి పాట విడుదలైంది. రాసినవారు రామజోగయ్యశాస్త్రిగారు. సంగీతం తమన్. ఈ తమన్ ఎవరనుకున్నారు? 1944లో 'సీతారామ జననం' తీసి అక్కినేని నాగేశ్వరరావుగారిని మొదటిసారి కథానాయకుణ్ణి చేసిన ఘంటసాల బలరామయ్యగారి మనుమడు. చిన్నప్పటి నుంచి డ్రమ్ముల మీద పెరిగినవాడు. 2003లో వచ్చిన 'బాయ్స్' సినిమాలో కుర్రాళ్ల బృందంలో డ్రమ్ములు వాయించే అబ్బాయిగా నటించిందీ అతనే. పాడినవారిలో రామ్ మిరియాల అని 'చౌరస్తా' అనే కుర్రాళ్ల బ్యాండు నుంచి వచ్చిన గాయకుడున్నాడు. అంటే తాత వయసు పల్లె గాయకుడొక వైపు, డ్రమ్ములూ గిటార్లూ తెలిసిన కుర్రకారు ఒక వైపు.

ఆ పాటలో పండుగ సాయన్న లేడు. సినిమా నాయకుడి పొగడ్తే ఉంది. కాని దాని అచ్చు మాత్రం మొగులయ్యగారిదే. వీరుడు ఎక్కడ పుట్టాడు, అతని తాతముత్తాతలెవరు అని ఎత్తుకోవడం కిన్నెర కథల పద్ధతి. ముందుగా కిన్నెర ఒక్కటే మోగుతుంది. ఆ మీద ఆయన గొంతు, నేల మీద గులకరాళ్లు దొర్లినట్టు. ఆయన ఎత్తుకోవడం ముగించాకే డ్రమ్ములు విజృంభిస్తాయి. పెద్దాయనను మొదట మాట్లాడనిచ్చి తరువాత పిల్లలు అందుకున్నట్టుంటుంది. నన్నడిగితే ఆ పాట అందమంతా ఆ మర్యాదలోనే ఉంది.

ఈ చిత్రానికి మాతృక 2020లో వచ్చిన మలయాళ సినిమా 'అయ్యప్పనుం కోషియుం'. చూడండి విచిత్రం, అందులోనూ ఇటువంటిదే జరిగింది. పాలక్కాడు జిల్లా అట్టప్పాడి కొండల్లో పశువులు కాచుకునే ఇరుళ గిరిజన స్త్రీ నంజియమ్మ. తన భాషలో తాను కట్టుకున్న పాట ఆ సినిమాకు పాడింది. 2022లో ఉత్తమ గాయనిగా జాతీయ బహుమతి ఆమెకు వచ్చింది. సంగీతం నేర్వని ఆమెకు ఎలా ఇస్తారని కొందరు గొణిగారు. చాలామంది ఆమె పక్షానే నిలబడ్డారు.

ఇక సముద్రాల అవతల సంగతి. అమెరికాలో పల్లె పాటను కంట్రీ పాట అంటారు. ఆ పాటలకు మహారాణి లొరెట్టా లిన్. 1932లో కెంటకీ కొండల్లో బొగ్గుగని కూలీ ఇంట పుట్టింది. 15 ఏళ్లకే పెళ్లి, చిన్న వయసులోనే పిల్లలు. ఇంటి చాకిరీ చేస్తూ, భర్త కొనిచ్చిన చౌక గిటారు మీద పాట నేర్చుకుంది. తన పుట్టింటి గురించి తానే రాసుకున్న 'బొగ్గుగని కూలీ కూతురు' అనే పాట 1970లో దేశమంతా మారుమోగింది. 2004లో, 72 ఏళ్ల వయసులో, 28 ఏళ్ల రాక్ గిటారిస్టు జాక్ వైట్‌తో కలిసి కొత్త పాటల రికార్డు చేసింది. దానికి మరుసటి ఏడు రెండు గ్రామీ బహుమతులు వచ్చాయి. 2010లో తన ఆ పాత పాటనే, రాక్ గాయని షెరిల్ క్రోనూ, వయసులో చిన్నదైన మిరాండా లాంబర్ట్‌నూ పక్కన నిలబెట్టుకుని మళ్లీ పాడింది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. 2022లో, 90వ ఏట కన్నుమూసింది.

ఇప్పుడు అసలు తేడా దగ్గరకు వస్తున్నాను. లొరెట్టా లిన్ పాట ఆమె రాసుకున్నది. కాగితం మీద ఆమె పేరుంది. ఎవరు ఎన్నిసార్లు మళ్లీ పాడినా ఆమె వాటా ఆమెకు లెక్క. మన దేశంలోనూ 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ, పాడినవారికీ రాబడిలో హక్కు కల్పించింది. కాని నోటినుంచి నోటికి తరాలుగా వచ్చిన సాయన్న కథకు రచయిత ఎవరని రాస్తారు? పన్నెండు మెట్ల కిన్నెర పద్ధతి ఎవరి సొత్తని రిజిస్టరు చేస్తారు? ఊరంతటిదీ అయిన ఆస్తికి పట్టా ఉండదు. పట్టా లేని ఆస్తికి శిస్తూ రాదు.

తరువాత ఏమైందో వినండి. పాట విడుదలైన కొద్ది రోజులకే చిత్ర కథానాయకుడు పవన్ కల్యాణ్ రెండు లక్షలు ప్రకటించారు. 2022లో మొగులయ్యగారికి పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. బస్సుల్లో జీవితాంతం ఉచిత ప్రయాణమని ఆర్టీసీవారు పాసు ఇచ్చారు. అంతా సంతోషించాం. 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాదు పక్కన తుర్కయంజాల్‌లో కట్టుబడి పనిలో కూలీగా కనిపించారు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకూ, సగంలో ఆగిన ఇంటికీ అయిపోయిందనీ, నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిందనీ ఆయన చెప్పుకున్నారు. పత్రికల్లో వచ్చాక కదలిక వచ్చింది. ఆ ఏడాదే హయత్‌నగర్ వైపు 600 గజాల స్థలం కాగితాలు ప్రభుత్వం చేతికిచ్చింది.

కోటి వచ్చినా నిలుపుకోలేదని కొందరు అన్నారు. అమ్మా, ఇల్లు నడిపే మనకు తెలియదా? ఒక్కసారి వచ్చిపడే సొమ్ము వేరు, నెలనెలా వచ్చే రాబడి వేరు. పండక్కి పెట్టిన పిండివంట ఏడాది పొడుగునా ఆకలి తీర్చదు. కళాకారుడికి కావలసింది పిలుపు. నెలకు నాలుగు చోట్ల వాయించి గౌరవంగా కూలి తెచ్చుకునే వీలు. ఆ విద్య నేర్చుకోవడానికి పదిమంది పిల్లలు. సన్మానపు శాలువాలు ఎన్ని కప్పినా అవి రాకపోతే పాట యంత్రంలో మోగుతూనే ఉంటుంది, పాడేవాడు ఇటుకలు మోస్తూ ఉంటాడు.

అందుచేత ఇంట్లో తగువు వచ్చినప్పుడు అత్తగారికీ అబ్బాయికీ ఒకే ప్రశ్న వేయండి. "పాట చెడిందా బాగుపడిందా అన్నది తరువాత. ఇది మొదట పాడిందెవరు, ఇప్పుడు వారికేం ముట్టింది?" అని.

మా పాతబస్తీలోనే చూడండి. ముస్లిముల ఇళ్లలో మంజ, సాంచక్, మెహందీ రాత్రుల్లో ఢోలక్ వాయిస్తూ ఆడవాళ్లు దక్కనీ పాటలు పాడతారు. వియ్యపురాలిని ఎగతాళి చేసేవీ, అప్పగింతలప్పుడు కన్నీళ్లు పెట్టించేవీ. అందుకని ప్రత్యేకంగా పిలిపించే పాటగత్తెలు ఉండేవారు. ఇప్పుడు చాలాచోట్ల వారి బదులు పెద్దపెద్ద స్పీకర్లు వస్తున్నాయి. స్పీకర్లు రానివ్వండి, పిల్లల సరదా కాదనకండి. దాని ముందు ఒక గంట ఆ పెద్దమ్మను కూర్చోబెట్టి పాడించండి. డెకరేషను వాడికి అడిగినంత ఇస్తున్నాం కదా, ఆమె దగ్గర మాత్రం బేరమాడకండి. మీ అమ్మాయి ఫోనులో రికార్డు చేస్తుంటే, ముందుగా ఆమె పేరూ, ఊరూ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించమనండి. రేపు ఏ కుర్రవాడో ఆ పాటకు గిటారు కట్టాలనుకుంటే, ఎవరి తలుపు తట్టాలో అతనికి తెలియాలి.

సెలవు.