తలుచుకున్నది నిలుస్తుంది, మరి దాని పక్కనున్నది?

ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో మన జెండా ఎగురుతుంది, తుడుం మోగుతుంది. కుమ్రం భీం పేరు, జల్ జంగల్ జమీన్ అనే మూడు మాటలు కొండల్లో మారుమోగుతాయి. భీం నేలకొరిగింది 1940లో. ఇంగ్లీషు తేదీ విషయంలో పుస్తకాలకు పుస్తకాలకు పొంతన లేదు. మనవాళ్లకు మాత్రం పౌర్ణమి గుర్తుంది, ఏటా ఆ నాడే తలుచుకుంటున్నారు కాబట్టి.

గుమ్మిలో పోసిన జొన్నలు తీసినకొద్దీ తరుగుతాయి. జ్ఞాపకం తీరు వేరు, తీసినకొద్దీ గట్టిపడుతుంది. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో దీన్ని లెక్కగట్టి చూపారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. వారం తర్వాత చూస్తే రెండోసారి చదివినవాళ్లకు 42 శాతం, గుర్తు చేసుకున్నవాళ్లకు 56 శాతం నిలిచింది. పరీక్షలకు చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. 1994లో ఆండర్సన్, ఇద్దరు బ్యోర్క్‌లు కలిసి ఒక ప్రయోగం చేశారు. పండ్ల పేర్లు, ఇంకా ఇలాంటి కొన్ని గుంపుల పేర్లు నేర్పించారు. కొన్ని గుంపుల్లో సగం పేర్లనే మళ్లీ మళ్లీ గుర్తు చేయించారు, మిగిలిన గుంపుల జోలికి అసలు పోలేదు. చివర్లో అన్నీ అడిగారు. సాధన చేసిన పేర్లు దాదాపు 74 శాతం గుర్తొచ్చాయి. అసలు ముట్టుకోని గుంపుల పేర్లు 49 శాతం దాకా గుర్తొచ్చాయి. కానీ సాధన చేసిన గుంపులోనే ఉండి, సాధన దక్కని పేర్లు 38 శాతానికి పడిపోయాయి. అంటే ఒకదాన్ని పదే పదే తలిస్తే, దూరంగా ఉన్నవాటికన్నా దాని తోబుట్టువులే ఎక్కువ మరుగున పడతాయి. 2007లో కుక్, కోపెల్, హర్స్ట్ అనే పరిశోధకులు మరో సంగతి తేల్చారు. చెప్పేవాడు వదిలేసిన ముక్కను, పక్కన కూర్చొని వింటున్నవాడు కూడా మరచిపోతాడు.

అవి గదుల్లో, కొద్దిమందితో, కొద్ది సమయంలో జరిగిన ప్రయోగాలు. ఒక జాతి చరిత్రకు వాటిని అచ్చంగా అతికించలేం. అయినా ఆ వెలుగులో మన సభలను ఒకసారి చూసుకోవచ్చు. వేదిక మీద భీం పేరు వందసార్లు వినిపిస్తుంది. అదే పోరాటంలో ఆయన వెంట నిలిచి, బతికి బయటపడ్డ కుమ్రం సూరు పేరు ఎన్నిసార్లు వినిపిస్తుంది? భార్య సోంబాయి పేరు? ఆ రోజు భీంతో పాటు ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు? రిజర్వు ఫారెస్టు గీతలు ఎవరి చేన్ల మీదుగా పోయాయి, బాబేఝరి దగ్గర అటవీ సిబ్బంది ఎవరి ఇళ్లు తగలబెట్టారు అన్న సంగతులు? ఇవన్నీ భీం కథకు తోబుట్టువులు. నినాదం ఎంత గట్టిగా వినిపిస్తే ఇవి అంత మెల్లగా జారిపోయే ప్రమాదం ఉంది. జమీన్ అన్న మాట అందరి నోటా ఉండి, ఏ జమీనో చెప్పేవాళ్లు లేకపోతే, రేపు పట్టా అడిగేటప్పుడు మన చేతిలో ఏముంటుంది?

తలుచుకోవడాన్ని బయటివాళ్లు ఆపిన సందర్భమూ మనకు ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ అని మనవాళ్ల మాట. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ తేదీ వస్తే 144 సెక్షన్ పెట్టి స్థూపం దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. అయినా జ్ఞాపకం చావలేదు, పొయ్యి దగ్గర నడిచింది. సభ జరగకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు చెప్పారు, పిల్లలు విన్నారు.

మరి ఒకదాన్ని తలుస్తూ పక్కదాన్ని పోగొట్టుకోకుండా ఎలా? దీనికి కూడా పరిశోధకులు ఒక దారి చూపారు. విషయాలను విడివిడిగా కాకుండా ఒకదానికొకటి ముడివేసి నేర్చుకుంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుందని 1999లో ఆండర్సన్, మెకల్లక్ చూపించారు. ఈ దారి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. పర్ధాన్ కిక్రి పట్టుకుంటే ఒక్క వీరుడి పేరు చెప్పి ఊరుకోడు. ఏ గోత్రం, ఏ పేన్, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారు అని వరుసగా చెబుతాడు. ఒక పేరు వెనక మరో పేరు నడుస్తుంది. మెస్రం వంశస్థులను చూడండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా పూజ కోసం హస్తినమడుగు నుంచి గోదావరి జలం కాలినడకన తెస్తారు. దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరో, ఎక్కడ ఆగాలో ఆ నడకే గుర్తు చేస్తుంది. అక్కడ కథ కాళ్లలో ఉంది, నేలలో ఉంది.

కాబట్టి యువతకు మా మాట ఇది. తాత దగ్గర కూర్చున్నప్పుడు ‘భీం గురించి చెప్పు తాతా’ అని ఊరుకోకండి. ‘మన ఊరి నుంచి ఎవరు పోయారు? అప్పుడు మన చేను ఎక్కడుండేది? అవ్వ ఏం చేసింది?’ అని కూడా అడగండి. జవాబు మీరే అందించకండి, ఆయన ఆగితే ఆగనివ్వండి. విన్నది ఫోన్‌లో రికార్డు చేసి, ఊరు, తేదీ, చెప్పినవాళ్ల పేరు రాయండి. రికార్డు ఉంది కదా అని వదిలేయకండి. మూడు రోజుల తర్వాత ఫోన్ ముట్టకుండా చెల్లెలికి చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్లీ అడగండి. గోండిలో విన్నది గోండిలోనే చెప్పండి, మాట మారితే ఊరి పేర్లు, వాగుల పేర్లు ముందు జారిపోతాయి.

సభల్లో ప్రతి ఏడూ భీం పేరుతో పాటు, నిరుడు చెప్పని ఒక పేరు, ఒక గూడెం చెప్పే ఆనవాయితీ పెట్టుకుందాం. పదేళ్లకు పది పేర్లవుతాయి. అవి తెలిసిన ముసలివాళ్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఈ వానాకాలం పోకముందే వాళ్ల గడప తొక్కండి.