రమ్మీ నుంచి లూట్ బాక్స్ దాకా: ఆటలో డబ్బు పెట్టేవాడి న్యాయం

ఆన్‌లైన్ గేమింగ్ మీద మెయిన్స్ జవాబు రాయమంటే మనలో చాలామంది 'నైపుణ్యమా, అదృష్టమా' దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఆ ప్రశ్నకు ఆధారంగా చూపే కేసు మన దగ్గరిదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసు అదే. 1967 నవంబరు తీర్పులో జస్టిస్ హిదయతుల్లా, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నారు. మూడు ముక్కలాటను ఆ లెక్కలో చేర్చలేదు.

అదే తీర్పులో మనం వదిలేసే మాట ఇంకొకటి ఉంది. ఆటమీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం అవ్వొచ్చు. ఆ క్లబ్బు వసూలు చేసిన రుసుము మామూలుదేనని కోర్టు వదిలేసింది. నా దృష్టిలో నేటి భారీ బడ్జెట్ గేములకు పనికొచ్చే ప్రశ్న ఇదే: ఆడించేవాడు ఏ దారిన, ఎంత లాగుతున్నాడు?

ఆటగాళ్ళు ఆ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నారు. 2006లో బెథెస్డా 'ఆబ్లివియన్' గేములో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే నవ్వారు, తిట్టారు, కొందరు కొన్నారు కూడా. 2017 నవంబరులో మాత్రం నవ్వలేదు. పూర్తి ధర పెట్టి కొన్న 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2'లో డార్త్ వేడర్ కావాలంటే 60,000 క్రెడిట్లు పోగెయ్యాలి. గంటల తరబడి ఆడాలి, లేదంటే డబ్బుతో లూట్ బాక్సులు కొని దారి తగ్గించుకోవాలి. కంపెనీ ఇచ్చుకున్న సంజాయిషీకి రెడిట్‌లో 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. విడుదలకు ముందురోజు ఆ కొనుగోళ్ళు ఆపేశారు.

అదే 2017లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. రెండూ పందెం డబ్బునే చూశాయి. అప్పులపాలైన కుటుంబాల దృష్ట్యా అది తప్పని నేననను. కానీ ఆటగాడి ఫిర్యాదు వేరు.

జియా సరాయ్‌లో లైబ్రరీ మూశాక బీజీఎంఐ ఆడేవాళ్ళను అడిగి చూడండి. యూసీ పెట్టి డ్రెస్సు కొంటే 'సోకు' అంటారు, అంతే. గెలుపే కొనుక్కుంటే ఒప్పుకోరు. క్రేట్ దగ్గర మాత్రం తడబడతారు. లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టడం, రాలేదని మళ్ళీ కట్టడం. దాన్ని సరదా అనాలో జూదం అనాలో వాళ్ళకే తేలదు.

2025 ఆగస్టు కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం తేడాను పక్కన పెట్టేసింది. గెలిచి డబ్బో మరో లాభమో పొందాలన్న ఆశతో పందెం కడితే అది డబ్బు ఆటే. ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. మరి క్రేట్‌లో వచ్చిన చొక్కా 'లాభం' కిందికి వస్తుందా? నాకు రాదనే అనిపిస్తోంది, దాన్ని తిరిగి డబ్బు చేసుకునే దారి లేదు కాబట్టి. 2018 ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ వేరే కొలత తీసుకుంది. వస్తువుకు బజారులో ధర ఉందా అని కాక, ఆటగాడు దానికి విలువ ఇస్తున్నాడా అని చూసి, 'ఫిఫా 18', 'ఓవర్‌వాచ్' లూట్ బాక్సులను జూదంగా తేల్చింది.