ఇంటిలోపల పిల్లల ఛాయాచిత్రణకు కటకం ఎంపిక

ఇంటిలోపల పిల్లల ఛాయాచిత్రణ అనగా ఇండ్లు, బడులు, ఫంక్షన్ హాళ్ళ వంటి కప్పు ఉన్న చోట్ల ఆడుతూ, గెంతుతూ ఉన్న పిల్లలను అక్కడ లభించే వెలుతురులోనే చిత్రించడం. ఆరుబయట తేలికగా సాగే ఈ పని గదిలోకి వచ్చేసరికి కష్టమవుతుంది. వెలుతురు తగ్గుతుంది, పిల్లల కదలిక మాత్రం తగ్గదు. చిత్రంలో ముఖం చెదిరిపోవడానికి కెమెరా నాసిరకమైనది కావడమే కారణమని చాలామంది భావిస్తారు. సాధారణంగా అసలు కారణం కటకం. ఈ వ్యాసంలో తెలంగాణలోని పెద్దపల్లి ప్రాంతపు గదులను, అక్కడి వెలుతురును ఉదాహరణగా తీసుకొని, ఎటువంటి కటకం ఎందుకు ఉపయోగపడుతుందో వివరించబడినది.

కదలిక, షట్టర్ వేగం

గదిలో పరుగెత్తే పిల్లవాడు సెకనుకు సుమారు 2 మీటర్లు కదులుతాడనుకుంటే, సెకనులో 30వ వంతు కాలంలో 6 సెంటీమీటర్లకు పైగా జరుగుతాడు. అంటే షట్టర్ తెరిచి ఉన్నంతలోనే ముక్కు చెవి దాకా సాగినట్లు నమోదవుతుంది. 250వ వంతులో ఆ జరుగుబాటు 8 మిల్లీమీటర్లు, 500వ వంతులో 4 మిల్లీమీటర్లు మాత్రమే. అనుభవంలో చూస్తే, కూర్చొని బొమ్మలతో ఆడుకునే పిల్లలకు 125వ వంతు, నడిచే పిల్లలకు 250వ వంతు, ఎగిరి దూకే పిల్లలకు 500వ వంతు షట్టర్ వేగం అవసరం.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. కటకాలపై ఐ.ఎస్., వి.ఆర్., ఓ.ఎస్.ఎస్. వంటి అక్షరాలతో సూచించే స్థిరీకరణ వ్యవస్థ, కెమెరా పట్టుకున్నవారి చేతి వణుకును సరిచేస్తుంది. పిల్లవాని కదలికను అది ఆపలేదు. నిశ్చలంగా ఉన్న గోడ స్పష్టంగా, దాని ముందు పిల్లవాడు పొగలాగా కనిపించే చిత్రాలు ఈ వ్యవస్థను నమ్ముకున్నందువలన వచ్చేవే.

వెలుతురు లెక్క

కటకం లోపలి ద్వారాన్ని అపర్చర్ అంటారు. నాభ్యంతరాన్ని ఆ ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్-సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. లోపలికి వచ్చే వెలుతురు ఈ సంఖ్య వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి ఎఫ్/5.6 కంటే ఎఫ్/1.8 వద్ద సుమారు పది రెట్లు ఎక్కువ వెలుతురు చేరుతుంది. కొనేవారు గుర్తుంచుకోదగిన సంఖ్య ఈ పది రెట్లే.

ఉదాహరణకు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిలో గోడకు ఒకే ట్యూబులైటు ఉన్నదనుకుందాం. పిల్లలు ఆడే చోట వెలుతురు సుమారు 80 లక్స్ ఉండవచ్చును. కెమెరా ఐ.ఎస్.ఓ.ను 3200 వద్ద నిలిపితే, కెమెరాతోపాటు వచ్చే 18-55 మి.మీ. కటకం పూర్తిగా జూమ్ చేసినపుడు ఎఫ్/5.6 వద్ద సెకనులో 30వ వంతు మాత్రమే ఇవ్వగలదు. అదే కటకం 18 మి.మీ. వద్ద ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, అప్పుడు 80వ వంతు లభిస్తుంది. ఎఫ్/2.8 కటకంతో 125వ వంతు, ఎఫ్/1.8 కటకంతో 320వ వంతు, ఎఫ్/1.4 కటకంతో 500వ వంతు సాధ్యం. గది అదే, కెమెరా అదే. మొదటి చిత్రంలో పిల్లవాడు చెదిరిపోతాడు, చివరి రెండింటిలో నిలుస్తాడు.

ఐ.ఎస్.ఓ.ను ఇంకా పెంచవచ్చును గదా అనే ప్రశ్న సహజమే. పెంచితే చిత్రంలో నలుసు పెరిగి, చర్మపు నునుపు, పట్టు లంగా మీది జరీ వంటి సూక్ష్మ వివరాలు దెబ్బతింటాయి. అయినా నలుసు ఉన్న స్పష్టమైన చిత్రం, నలుసు లేని చెదిరిన చిత్రం కంటే మేలు. నలుసును తరువాత కంప్యూటరులో కొంత తగ్గించవచ్చును, కానీ చెదిరిన ముఖాన్ని తిరిగి తేవడం చాలా కష్టం.

గది కొలత, నాభ్యంతరం

తక్కువ ధరలో లభించే ఎఫ్/1.8 కటకం అనగానే సాధారణంగా అందరూ చెప్పేది 50 మి.మీ. కటకం. కెనాన్ సంస్థ 1990లో విడుదల చేసిన ఇ.ఎఫ్. 50 మి.మీ. ఎఫ్/1.8 రెండవ నమూనా, 2015లో దాని స్థానంలో వచ్చిన ఎస్.టి.ఎం. నమూనా, 2011లో వచ్చిన నైకాన్ ఏ.ఎఫ్-ఎస్. 50 మి.మీ. ఎఫ్/1.8జి ఎంతో ప్రచారం పొందినవి. ఇవి మంచి కటకాలే. అయితే ఇంటిలో పిల్లల చిత్రాలకు ఇవి సరిపోతాయా అనేది గది కొలతపై ఆధారపడుతుంది.

పెద్దపల్లి పట్టణం, గోదావరిఖని, మంథని వంటి ఊళ్ళలో సాధారణ కుటుంబాల ఇండ్లలోని గది, స్థానికంగా అర్ర అని పిలిచేది, చాలావరకు పైన చెప్పిన కొలతకు అటూ ఇటుగా ఉంటుంది. మంచం, బీరువా పోగా చిత్రకారుడికి, పిల్లవానికి మధ్య మిగిలే దూరం 2 మీటర్లు మించదు. ఏ.పి.ఎస్-సి. పరిమాణపు సెన్సర్ గల కెమెరాతో ఆ దూరం నుండి 50 మి.మీ. కటకం చూపేది 94 సెంటీమీటర్ల వెడల్పు, 63 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. ముఖం, భుజాలు వస్తాయి. పిల్లవాడు ఏమి చేస్తున్నాడో రాదు. 35 మి.మీ. కటకం అదే దూరం నుండి 135 సెంటీమీటర్లు వెడల్పు, 90 సెంటీమీటర్లు ఎత్తు చూపుతుంది. కెమెరాను నిలువుగా తిప్పితే ఐదేళ్ళ పిల్లవాడు నిలువెల్లా పడతాడు. 24 మి.మీ. కటకంతో దాదాపు 2 మీటర్ల వెడల్పు, 130 సెంటీమీటర్ల ఎత్తు వస్తాయి కాబట్టి అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ, వారి మధ్య బొమ్మలూ ఒకే చిత్రంలో ఇముడుతాయి.

కనుక ఏ.పి.ఎస్-సి. కెమెరా ఉన్న కుటుంబానికి మొదటి కటకంగా 35 మి.మీ. లేదా దానికంటే కొంచెం తక్కువ నాభ్యంతరం గలది తగినది. నైకాన్ ఏ.ఎఫ్-ఎస్. డి.ఎక్స్. 35 మి.మీ. ఎఫ్/1.8జి (2009), సోనీ ఇ 35 మి.మీ. ఎఫ్/1.8 (2012), సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4 డి.సి. డి.ఎన్. (2016), నైకాన్ జడ్ డి.ఎక్స్. 24 మి.మీ. ఎఫ్/1.7 (2023) ఈ కోవకు చెందినవి. పూర్తి ఫ్రేము సెన్సర్ గల కెమెరా ఉన్నవారికి మాత్రం 50 మి.మీ. కటకమే ఈ పని చేస్తుంది, ఏలయనగా ఆ సెన్సర్ వెడల్పు ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

బడి వార్షికోత్సవం సంగతి వేరు. తల్లిదండ్రులు వేదికకు 8 మీటర్ల దూరాన కుర్చీలలో కూర్చుంటారు. అక్కడ 35 మి.మీ. కటకంతో పిల్లలు చీమలంత కనిపిస్తారు. 85 మి.మీ. ఎఫ్/1.8 కటకం ఆ దూరం నుండి సుమారు 2.2 మీటర్ల వెడల్పును చూపుతుంది, అంటే నాట్యం చేసే ఇద్దరు పిల్లలు నిండుగా పడతారు. చాలామంది ఇందుకోసం 55-250 లేదా 70-300 మి.మీ. జూమ్ కటకం కొంటారు. అవి ఆ దూరంలో ఎఫ్/4 నుండి ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటాయి. వేదికపై బలమైన దీపాలు లేని చోట ఆ ఖర్చు వృథా అవుతుంది.

పెద్దపల్లి ప్రాంతంలో పగటి వెలుతురు

పగలైతే గదిలో వెలుతురుకు కొదవ ఉండదని అనుకోవచ్చును. ఉత్తర తెలంగాణలో ఆ మాట అన్ని కాలాలకు వర్తించదు. రామగుండం, పెద్దపల్లి ప్రాంతం రాష్ట్రంలో ఎండలు మండే చోట్లలో ఒకటి. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుతుంది. బడికి సెలవులు ఇచ్చేది, పిల్లలు పొద్దంతా ఇంటిలో ఉండేది అప్పుడే. వేడి రాకుండా తలుపులు మూసి, కిటికీలకు తెరలు కట్టి ఉంచుతారు. ఉన్న ఒక్క కిటికీకి కూలర్ బిగిస్తే ఆ దారి కూడా పోతుంది. అందువలన మిట్ట మధ్యాహ్నం కూడా గదిలో ట్యూబులైటు వెలుతురే దిక్కు.

ఉదయం దర్వాజా తెరిచి ఉన్నప్పుడు దాని పక్కన వెలుతురు సులభంగా 1000 లక్స్‌కు చేరుతుంది. అక్కడ ఐ.ఎస్.ఓ. 800, ఎఫ్/2.8 తోనే 400వ వంతు షట్టర్ వేగం వస్తుంది. ఐ.ఎస్.ఓ.ను 3200 చేస్తే కెమెరాతో వచ్చిన సాధారణ కటకం ఎఫ్/5.6 వద్ద కూడా అదే వేగాన్ని ఇస్తుంది. కొత్త కటకం కొనే స్థోమత లేనివారు పిల్లల బొమ్మల చాపను గది మూల నుండి గడప దగ్గరకు జరపడం మంచి ఉపాయం. నడుమ ఆకాశం కనిపించే ఆవరణ ఉన్న పాత ఇండ్లు ఈ విషయంలో కొత్త ఇండ్ల కంటే ఎంతో అనుకూలమైనవి. వాటి వసారాలో రోజంతా మెత్తని, నీడలు లేని వెలుతురు ఉంటుంది.

స్పష్టత లోతు

పెద్ద ద్వారానికి ఒక మూల్యం ఉంది. 2 మీటర్ల దూరంలో 50 మి.మీ. కటకాన్ని ఎఫ్/1.8 వద్ద వాడితే స్పష్టంగా కనిపించే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. పిల్లవాడు ఒక్క అడుగు ముందుకు వేస్తే కళ్ళు ఆ పరిధి దాటిపోతాయి. 35 మి.మీ. కటకం విషయంలో ఈ లోతు సుమారు 23 సెంటీమీటర్లు, ఎఫ్/2.8 కు కుదిస్తే 36 సెంటీమీటర్లు. చిన్న నాభ్యంతరం గది కొలతకే కాక ఇక్కడ కూడా కలిసివస్తుంది. 2010ల చివరి నుండి వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాలు కంటిని గుర్తించి వెంబడిస్తాయి కాబట్టి పూర్తిగా తెరిచిన ద్వారంతో కూడా నమ్మకంగా పనిచేయవచ్చును. పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో మధ్య ఫోకస్ బిందువును దగ్గరి కంటిపై ఉంచి, వరుసగా నాలుగైదు చిత్రాలు తీయడం మేలైన పద్ధతి.

ఎఫ్/2.8 జూమ్ కటకాలు

టామ్రాన్ 17-50 మి.మీ. (2006), సిగ్మా 17-50 మి.మీ. (2010), సిగ్మా 18-50 మి.మీ. (2021), టామ్రాన్ 17-70 మి.మీ. (2021) కటకాలు జూమ్ అంతటా ఎఫ్/2.8 వద్దనే ఉంటాయి. పుట్టినరోజు, ఇరవై ఒకటవ రోజు, తొట్టెల వంటి వేడుకలలో ఒక నిమిషం బంధువుల గుంపును, మరు నిమిషం శిశువు చేతిని తీయవలసివస్తుంది. అక్కడ ఇవి సౌకర్యం. కానీ ఒక్క ట్యూబులైటు గదిలో 125వ వంతు దగ్గరే ఆగిపోతాయని పై లెక్కలో చూశాము. జూమ్ సౌకర్యానికి, ఎఫ్/1.8 వేగానికి మధ్య రాజీ కుదిర్చినది సిగ్మా 18-35 మి.మీ. ఎఫ్/1.8 (2013). అది బరువైనది, 800 గ్రాములు దాటుతుంది.

ట్యూబులైటు మినుకు

భారతదేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. రామగుండం థర్మల్ కేంద్రం పక్కనే ఉన్న ఇంటికైనా, దూరాన ఉన్న పల్లెకైనా ఇది ఒకటే. చోకు గల ట్యూబులైటు వెలుగు దీనివలన సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. 100వ వంతు కంటే వేగంగా తీసినపుడు ఒక చిత్రం వెలుగుగా, తరువాతిది మసకగా, పచ్చగా రావచ్చును. వేగవంతమైన కటకం కొన్న తరువాతనే ఈ లోపం బయటపడుతుంది కాబట్టి కటకం చెడ్డదని పొరబడేవారున్నారు. చౌక రకం ఎల్.ఇ.డి. దీపాలలో కొన్ని కూడా ఇలాగే మినుకుతాయి. కెనాన్ 7డి మార్క్ 2 (2014) తరువాత అనేక కెమెరాలలో ఈ మినుకును కనిపెట్టి, వెలుగు గరిష్టంగా ఉన్న క్షణంలో షట్టర్‌ను వదిలే ఏర్పాటు వచ్చింది. అది లేనివారు ఎక్కువ చిత్రాలు తీసి మంచివి ఏరుకోవాలి. మిర్రర్‌లెస్ కెమెరాలలో శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే చారలు పడతాయి, కాబట్టి మెకానికల్ షట్టర్‌నే వాడాలి.

ఫ్లాష్, మొబైల్ ఫోన్

ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యవ వంతు లేదా అంతకంటే తక్కువ కాలం ఉంటుంది, కావున కదలికను చక్కగా ఆపుతుంది. తెల్లని స్లాబు కప్పు ఉంటే ఫ్లాష్ తలను పైకి తిప్పి కప్పు మీదినుండి వెలుగును కిందికి రాబట్టవచ్చును. పెంకుటిండ్లలో, చిక్కని రంగు వేసిన గదులలో ఆ ఉపాయం పారదు. వెలుగు తగ్గిపోతుంది, ఆ రంగు పిల్లల ముఖాలపై పడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, రెండవ మెరుపు తరువాత పిల్లలు ఆట మాని కెమెరా వైపు చూడడం.

మొబైల్ ఫోన్ ప్రధాన కటకం ఎఫ్/1.8 అని రాసి ఉన్నప్పటికీ దాని సెన్సర్ చాలా చిన్నది కాబట్టి మొత్తం చేరే వెలుతురు తక్కువ. రాత్రి విధానంలో ఫోను అనేక చిత్రాలను కలిపి ఒకటిగా చేస్తుంది. కదిలే పిల్లలు ఆ కలయికలో కరిగిపోతారు.

చరిత్ర

పిల్లల కదలికకు, కటకపు వేగానికి గల పోటీ ఛాయాచిత్రకళ అంత పాతది. 1839లో డాగెర్ పద్ధతి వెలువడినపుడు ఒక్క చిత్రానికి నిమిషాలు పట్టేవి. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన ఎఫ్/3.6 కటకంతోనే మనుషుల చిత్రాలు వ్యాపారంగా సాధ్యమయ్యాయి. అప్పటికీ పసివారిని కదలకుండా పట్టుకొనుటకు తల్లి ముసుగు కప్పుకొని కుర్చీలాగా వెనుక కూర్చునేది. అలాంటి చిత్రాలు నేటికీ అనేకం లభిస్తాయి. 1924లో జర్మనీలో వచ్చిన ఎర్మనాక్స్ కెమెరా ఎఫ్/2 కటకంతో, ఫ్లాష్ లేకుండా గదులలో మనుషులను సహజంగా చిత్రించడానికి దారి తీసింది.

పాత కటకాలు కొనుట

కెనాన్, నైకాన్ సంస్థలు 2020 తరువాత కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనాలను విడుదల చేయలేదు. అందువలన వాటి కటకాలు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతున్నాయి, తక్కువ ఖర్చుతో ఎఫ్/1.8 పొందే మార్గం ఇదే. నైకాన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 50 మి.మీ. ఎఫ్/1.8డి వంటి ఏ.ఎఫ్.-డి. కటకాలలో మోటారు ఉండదు. డి40, డి60, డి3000 వరుస, డి5000 వరుస కెమెరాలలో కూడా మోటారు లేదు కాబట్టి వాటిపై ఈ కటకం స్వయంగా ఫోకస్ చేయదు. మిర్రర్‌లెస్ కెమెరాకు ఎఫ్.టి.జడ్. అడాప్టరుతో బిగించినా ఇదే ఫలితం. పరుగెత్తే పిల్లలపై చేతితో ఫోకస్ చేయడం దాదాపు అసాధ్యం, కావున ఏ.ఎఫ్-ఎస్. అని రాసి ఉన్నదే తీసుకోవాలి. కెనాన్ ఇ.ఎఫ్. కటకాలకు ఈ చిక్కు లేదు, ఆర్.ఎఫ్. కెమెరాలపై కూడా అడాప్టరుతో పనిచేస్తాయి. ఏ కటకమైనా వానకాలపు తేమకు బూజు పట్టే అవకాశమున్నది. కొనేముందు వెనుక నుండి టార్చి వేసి చూస్తే లోపలి గాజుపై సాలెగూడు వంటి పోగులు కనిపిస్తాయి.